మెడలో గ్రంథి, తలలో పెత్తనం

యురేనియం గని పక్కన బతికేవాళ్లకు మెడ మీద గడ్డ కనబడితే ముందు గనే గుర్తొస్తుంది. కడప జిల్లా వేముల మండలంలో ఇది సహజం. తుమ్మలపల్లెలో 2007 నవంబరులో శంకుస్థాపన జరిగింది. 2012 నాటికి శుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టింది. వేంపల్లె డోలమైటు రాతిని తవ్వి, పొడి చేసి, యురేనియం తీశాక మిగిలిన బురదను కె.కె.కొట్టాల పక్కనున్న వ్యర్థాల చెరువులోకి పంపుతారు. బోరు నీళ్లు చెడ్డాయనీ, అరటి తోటలు పాడయ్యాయనీ చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఏళ్లుగా చెబుతున్నారు. ఆ ఫిర్యాదుకు శాస్త్రీయంగా, అందరి ముందూ జవాబు రావాలి. నేనిక్కడ చెప్పేది దాన్ని తేలిక చేయడానికి కాదు. ప్రశ్న సరైన అవయవాన్ని అడిగితేనే సరైన జవాబు వస్తుంది. థైరాయిడ్ విషయంలో మనం చాలాసార్లు తప్పు చోట అడుగుతున్నాం. దాని మీద పెత్తనం చేసే పిట్యూటరీ గ్రంథిని అసలు అడగడమే లేదు.

ముందు రేడియేషన్ సంగతి తేల్చుకుందాం. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు రియాక్టరు పేలినప్పుడు గాలిలోకి వచ్చినవాటిలో అయోడిన్-131 ఒకటి. అది గడ్డి మీద పడింది, గడ్డి మేసిన ఆవుల పాలలోకి చేరింది, ఆ పాలు పిల్లలు తాగారు. థైరాయిడ్ గ్రంథికి మామూలు అయోడిన్‌కూ, రేడియోధార్మిక అయోడిన్‌కూ తేడా తెలియదు. రెండింటినీ ఒకేలా లోపలికి లాక్కుంటుంది. 2005 నాటికి ఆ ప్రాంతంలో చిన్నతనంలో ఆ గాలికి గురైనవాళ్లలో 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు తేలాయి. యురేనియం అనగానే థైరాయిడ్ గుర్తుకు రావడానికి మూలం అక్కడ ఉంది.

అయితే అయోడిన్-131 పుట్టేది రియాక్టరులో యురేనియం పరమాణువు చీలినప్పుడు. గనిలోని రాతిలో అలాంటి చీలిక లెక్కకు రానంత తక్కువ. పైగా అయోడిన్-131 ఎనిమిది రోజులకోసారి సగానికి తగ్గిపోయే పదార్థం, రాతిలో ఏళ్లకేళ్లు నిలవదు. తుమ్మలపల్లె రాతి నుంచి భయపడాల్సినవి వేరే ఉన్నాయి. నీళ్లలో కరిగిన యురేనియం సీసంలాంటి బరువు లోహం, ముందుగా దెబ్బ తీసేది మూత్రపిండాలను. దానితోపాటు ఉండే రేడియం ఎముకల్లో చేరుతుంది. రేడాన్ వాయువు ఊపిరితిత్తులకు చేటు. తాగే నీళ్లలో లీటరుకు 30 మైక్రోగ్రాములకు మించి యురేనియం ఉండకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. కనుక వేముల రైతు తన బోరు గురించి అడగాల్సిన పరీక్ష నీళ్లలో యురేనియం ఎంత అన్నది, తన ఒంటి గురించి అడగాల్సింది క్రియాటినిన్, మూత్ర పరీక్ష. మెడకు స్కాన్ తీయిస్తే ఈ ప్రశ్నకు జవాబు రాదు.

జవాబు రాకపోవడం ఒక్కటే కాదు, తప్పు జవాబు కూడా వచ్చే ప్రమాదం ఉంది. దక్షిణ కొరియాలో జరిగింది చూడండి. అక్కడ క్యాన్సర్ పరీక్షల శిబిరాలకు వచ్చినవాళ్లకు మెడ అల్ట్రాసౌండ్ కూడా జతచేశారు. 1993 నుంచి 2011 లోపల థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లు అయ్యాయి. ఆ వ్యాధితో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. వ్యాధి పెరగలేదు, వెతకడం పెరిగింది. పెద్దవాళ్ల మెడల్లో చిన్న చిన్న గడ్డలు చాలా మామూలు. నూటికి తొంభైకి పైగా అపాయం లేనివి. క్యాన్సరుగా తేలినవాటిలోనూ పాపిల్లరీ రకం చిన్న గడ్డలు జీవితాంతం కదలకుండా ఉండిపోవచ్చు. అయినా కొరియాలో వేలమంది గ్రంథి తీయించుకుని రోజూ మాత్ర మింగుతూ బతకాల్సి వచ్చింది. కొందరికి గొంతు బొంగురుపోయింది, కొందరికి కాల్షియం పడిపోయింది.

రేపు ఎవరైనా మంచి మనసుతో వేములలో ఉచిత మెడ స్కాన్ల శిబిరం పెడితే గడ్డలు తప్పకుండా బయటపడతాయి. మరునాడు పేపర్లో గని పక్క ఊళ్లలో థైరాయిడ్ గడ్డలు అని వార్త వస్తుంది. అదే యంత్రంతో, అదే డాక్టరుతో గనికి దూరంగా ఉన్న ముద్దనూరులోనో కొండాపురంలోనో స్కాన్లు తీసి పక్కన పెట్టకపోతే ఆ అంకెకు అర్థం లేదు. అలా పోల్చకుండా వచ్చిన అంకె రైతుకే ఎదురు తిరుగుతుంది. అది కుప్పకూలిన రోజున నీళ్ల గురించి అతను చెప్పే నిజం కూడా దానితోపాటు కొట్టుకుపోతుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

థైరాయిడ్‌కు సంబంధించి మనలాంటి సముద్రానికి దూరమైన నేలలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఉప్పు గురించి. ఈ సంగతిని దేశానికి ప్రయోగం చేసి చూపించిన వాళ్లలో ముఖ్యుడు మన తెలుగువాడు, శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వులిమిరి రామలింగస్వామి. విశాఖపట్నంలోని ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివాడు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరు, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతి అయ్యాడు. 1956లో ఆయన, సహచరులు హిమాలయాల అడుగున ఉన్న కాంగ్రా లోయను ఎంచుకున్నారు. అక్కడ గళగండం అంటే వింత కాదు, ఇంటింటా ఉండేది. సుమారు లక్ష మంది ఉన్న ఆ ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు పంపారు. కొన్నేళ్లకు మొదటి రెండు చోట్లా గళగండాలు బాగా తగ్గాయి, మూడో చోట ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అప్పుడు మూడో భాగానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు, అక్కడా తగ్గాయి. ఒక భాగంలో వాడిన పొటాషియం అయోడేటు మన ఉక్కపోతలో కూడా ఆవిరైపోకుండా నిలిచేది. ఇప్పుడు మన ప్యాకెట్లలో ఉండేది అదే. 1962లో కేంద్రం గళగండ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదన్న నిషేధం 2006 మే 17 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చింది.

కాంగ్రా పని ఎందుకు గొప్పదంటే, అక్కడ పోల్చడానికి మూడో భాగం ఉంది. వేములకు కావాల్సింది కూడా ఆ ఓపికే.

పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, గర్భిణికి 250 కావాలి. ఇంటికి చేరే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలన్నది నియమం. పచ్చళ్లకు విడిగా కొనే కల్లుప్పులో అయోడిన్ ఉందో లేదో చూసుకోవాలి. ఇంట్లో అన్నింటికీ అదే వాడుతుంటే, అందులోనూ గర్భిణి ఉంటే మరీ ముఖ్యం. ఎందుకంటే కడుపులో బిడ్డకు మొదటి మూడు నెలలూ సొంత థైరాయిడ్ పనిచేయదు. తల్లి హార్మోనుతోనే మెదడు కట్టుకుంటుంది. సజ్జలు, క్యాబేజీ లాంటివి గ్రంథికి కొంత అడ్డు తగులుతాయన్న మాట నిజమే. కానీ ఉప్పులో అయోడిన్ సరిగా ఉంటే వాటిని మానాల్సిన పని లేదు. సంగటి తినేవాళ్లను భయపెట్టడం అన్యాయం.

అయినా అయోడిన్ సరిపోయిన చోట కూడా థైరాయిడ్ మందగిస్తుంది. 2013లో వెలువడిన ఒక సర్వేలో హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల పెద్దవాళ్లలో నూటికి దాదాపు 11 మందికి హార్మోను తక్కువగా ఉంది. సముద్రం ఒడ్డు నగరాల్లో కన్నా లోపలి నగరాల్లో కొంచెం ఎక్కువ. దీనికి పెద్ద కారణం హషిమోటో వ్యాధి. ఒంట్లోని రక్షణ వ్యవస్థే గ్రంథిని పరాయిదనుకుని తినేస్తుంది. ఆడవాళ్లలో చాలా ఎక్కువ. దీనికి తిరుగులేని మందు థైరాక్సిన్. చౌక, క్షేమం. మింగే పద్ధతే ప్రాణం. పొద్దున పరగడుపున, కాఫీకి అరగంట నుంచి గంట ముందు. ఐరన్, కాల్షియం మాత్రలు కనీసం నాలుగు గంటల ఎడంగా. గర్భిణిగా ఉన్నప్పుడు ఐరన్ మాత్రలిస్తే రెండూ కలిపి మింగి, మందు పనిచేయలేదని డోసు పెంచుకునే తల్లులు ఎందరో. ఇంకోటి, థైరాక్సిన్‌కు వేడి పడదు. కడప ఎండలో రేకుల ఇంటి గోడ అరలో నెలల తరబడి ఉంచిన సీసా శక్తి తగ్గుతుంది. మూత బిగించి ఇంట్లో చల్లగా ఉండే మూలన, వెలుతురు తగలకుండా పెట్టాలి.

ఈ మందు సరిపోతుందా లేదా తేల్చే పరీక్షే టీఎస్‌హెచ్. అందరికీ తెలిసిన పరీక్ష అదొక్కటే. కథ ఇక్కడ మలుపు తిరుగుతుంది.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ నుంచి రాదు. అది తలలో, ముక్కు మూలానికి వెనక, ఎముక గుంటలో కూర్చున్న బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి పంపే ఆజ్ఞ. పిట్యూటరీని మేస్త్రీ అనుకోండి. కూలీ పని మందగిస్తే మేస్త్రీ గొంతు పెంచుతాడు, పని సాగుతుంటే తగ్గిస్తాడు. థైరాయిడ్ చెడితే టీఎస్‌హెచ్ పైకి పోయేది అందుకే. కానీ మేస్త్రీకే జబ్బు చేస్తే? పని ఆగిపోయి ఉంటుంది, అరుపు మాత్రం వినబడదు. అప్పుడు టీఎస్‌హెచ్ కాగితం మీద మామూలు అంకె కనబడుతుంది, అసలు హార్మోను టీ4 అడుగంటి ఉంటుంది. ల్యాబ్ కాగితం చూసి అంతా బాగుందని పంపేస్తారు. ఒళ్లు చల్లబడుతూ, నీరసంతో ఇంట్లో ఒక మనిషి ఏళ్ల తరబడి మంచం పట్టి ఉంటుంది.

ఆ మనిషి మన పల్లెల్లో చాలాసార్లు ఒక తల్లి. కాన్పులో విపరీతంగా రక్తం పోయింది. గర్భిణిగా ఉన్నప్పుడు పిట్యూటరీ ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది, దానికి రక్తం చేరేది చాలా తక్కువ ఒత్తిడిలో పారే సన్నని నాళాల గుండా. రక్తపోటు పడిపోతే ముందు ఎండిపోయేది అదే. 1937లో హెరాల్డ్ షీహాన్ అనే బ్రిటిష్ వైద్యుడు దీన్ని వివరించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మొదటి గుర్తు బిడ్డకు పాలు పడకపోవడం. తర్వాత బహిష్టులు తిరిగి రావు. చంకల్లో వెంట్రుకలు రాలతాయి, ముఖం పాలిపోతుంది, చలికి తట్టుకోలేదు, కొంచెం పనికే కూలబడుతుంది. బాలింత నీరసం అంటారు, గాలి సోకిందంటారు, పని దొంగ అని కూడా అంటారు. పదేళ్ల తర్వాత ఏ విరేచనాలకో జ్వరానికో ఆమె స్పృహ తప్పుతుంది. రక్తంలో సోడియం, చక్కెర పడిపోయి ఉంటాయి. సెలైన్ ఎక్కించి పంపితే మళ్లీ అదే. కాన్పులో రక్తం బాగా పోయిందా, బిడ్డకు పాలిచ్చావా, ఆ తర్వాత నెలసరి వచ్చిందా అన్న మూడు ప్రశ్నలు ఎవరూ అడగకపోవడమే ఈ ఆలస్యానికంతా కారణం. నీరసంతో వచ్చిన ప్రతి తల్లినీ ఈ మూడూ అడగమని ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు నేర్పితే ఖర్చు ఏమీ ఉండదు.

పిట్యూటరీ దెబ్బతినడానికి రెండో దారి పొలం గట్టు మీదది. రక్తపింజర కాటు. వేరుశనగ, అరటి చేలల్లో రాత్రిపూట నీళ్లు కట్టేవాళ్లకు ఈ పాము పరిచయమే. దాని విషం రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను తినేస్తుంది. చిన్న నాళాల్లో గడ్డలు, మరోచోట ఆగని రక్తస్రావం. మూత్రపిండాలు దెబ్బ తినడం అందరికీ తెలుసు. పిట్యూటరీ కూడా అచ్చం షీహాన్ జబ్బులాగే చచ్చిపోవచ్చని 1976లో కేరళ నుంచి, 1987లో బర్మా నుంచి వైద్యులు రాశారు. కాటు నుంచి బతికి బయటపడ్డ యువకుడికి నెలల తర్వాత గడ్డం పెరగడం ఆగితే, శక్తి, కోరిక సన్నగిల్లితే, నిలబడితే కళ్లు తిరిగితే అది మనసు జబ్బని తోసెయ్యకూడదు. డాక్టరుకు పాము కాటు సంగతి చెప్పాలి. కార్టిసాల్ హార్మోను, టీ4 చూడమని అడగాలి.

ఈ ఇద్దరి వైద్యంలో ప్రాణం మీదికొచ్చే పొరపాటు ఒకటుంది. పిట్యూటరీ పడిపోయినవాళ్లకు ఒంట్లో కార్టిసాల్ కూడా తరచు అడుగంటి ఉంటుంది. టీ4 తక్కువగా ఉందని ముందు థైరాక్సిన్ మొదలుపెడితే ఒళ్లు ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది, ఉన్న కాస్త కార్టిసాల్ అయిపోతుంది, మనిషి కుప్పకూలిపోతాడు. ముందు కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్, ఆ తర్వాతే థైరాక్సిన్. ఈ వరస తప్పకూడదు.

ఇక కణితుల మాట. పిట్యూటరీ గడ్డల్లో దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. వేరే కారణాలతో చనిపోయినవాళ్ల తలలు పరీక్షించినా పదిమందిలో ఒకరికి చిన్న గడ్డ ఉంటుంది. ఇక్కడా ఊరికే వెతకడం కాక, గుర్తు చూసి వెతకాలి. అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ప్రోలాక్టిన్ గడ్డ. కాన్పు లేకుండానే పాలు రావడం, బహిష్టులు ఆగడం, పిల్లలు కలగకపోవడం దాని గుర్తులు. దీనికి చాలామందికి కత్తి అక్కర్లేదు, వారానికి ఒకటి రెండుసార్లు మింగే క్యాబర్గోలిన్ మాత్రతోనే గడ్డ కుంచించుకుపోతుంది. కానీ ప్రోలాక్టిన్ పెరిగిన ప్రతివాళ్లకూ గడ్డ ఉన్నట్టు కాదు. వాంతులకు వాడే డోంపెరిడోన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా దాన్ని పెంచుతాయి. థైరాయిడ్ చాలాకాలం మందగించి ఉంటే మెదడు నుంచి వచ్చే ఒత్తిడితో ప్రోలాక్టిన్ పెరుగుతుంది, పిట్యూటరీ కూడా ఉబ్బి ఎమ్మారైలో కణితిలా కనబడుతుంది. థైరాక్సిన్ ఇస్తే కొన్ని నెలల్లో ఆ ఉబ్బు తీసిపోతుంది. టీఎస్‌హెచ్ చూడకుండా ఆపరేషన్ బల్ల ఎక్కిస్తే ఎంత అన్యాయమో వేరే చెప్పక్కర్లేదు. మెడ గ్రంథినీ తల గ్రంథినీ విడివిడిగా చదవకూడదని చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ లేదు.

పెరుగుదల హార్మోను గడ్డ నెమ్మదిగా ముఖాన్ని మారుస్తుంది. ఉంగరం బిగుసుకుంటుంది, చెప్పుల సైజు పెరుగుతుంది, దవడ ముందుకొస్తుంది, పళ్ల మధ్య సందులు పడతాయి, గురక, షుగరు, బీపీ తోడవుతాయి. రోజూ చూసే ఇంటివాళ్లకు మార్పు తెలియదు. పదేళ్ల కిందటి పెళ్లి ఫోటో పక్కన పెట్టి చూడాలి. గడ్డ పెద్దదైతే పైనుండే చూపు నరాల కూడలిని నొక్కుతుంది. ఎదురుగా కనబడుతుంది, రెండు పక్కలా చూపు పోతుంది. బండి నడుపుతుంటే పక్కనుంచి వచ్చే గేదె కనబడదు. అద్దాలు మార్చినా బాగుపడని చూపుకు కంటి డాక్టరు చూపు పరిధి పరీక్ష చేస్తే దొరుకుతుంది. ఆకస్మికంగా భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం వస్తే గడ్డలో రక్తం చిమ్మిందేమో. అది ఆ గంటలోనే చూపించుకోవాల్సిన సంగతి. ఆపరేషన్ చాలావరకు ముక్కు దారిలోనే చేస్తారు, తల తెరవరు.

కార్టిసాల్ ఎక్కువయ్యే కుషింగ్ వ్యాధి అరుదు. దాని రూపం మాత్రం మన ఊళ్లలో అరుదు కాదు. గుండ్రని ముఖం, పెద్ద పొట్ట, సన్నబడ్డ కాళ్లు, పొట్ట మీద ఊదారంగు చారలు. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి, బలానికి అని చీటీ లేకుండా నెలల తరబడి మింగిన స్టెరాయిడ్ మాత్రలు, పేరు తెలియని పొడులు దీనికి మూలం. వాటిని ఒక్కసారిగా మానేయడం ఇంకా ప్రమాదం. ఆ మందుల వల్ల సొంత పిట్యూటరీ నిద్రపోయి ఉంటుంది, మెల్లగా డాక్టరు చెప్పిన లెక్కలో తగ్గించాలి.

వేముల నుంచి దీనికంతా దారి దూరమే. టీఎస్‌హెచ్, టీ4, కార్టిసాల్, ప్రోలాక్టిన్ రక్త పరీక్షలు పులివెందులలోనో కడపలోనో ముందే చేయించుకుని ఆ కాగితాలతో తిరుపతి స్విమ్స్‌కు వెళితే ఒక ప్రయాణం ఆదా అవుతుంది. అక్కడ ఎండోక్రైనాలజీ విభాగమూ, థైరాయిడ్ క్యాన్సరుకు రేడియో అయోడిన్ ఇచ్చే న్యూక్లియర్ మెడిసిన్ విభాగమూ ఉన్నాయి. ఆపరేషన్ అవసరమైతే వైద్య సేవ పథకంలో ఏ ఆసుపత్రిలో చేస్తారో ఆరోగ్య మిత్రను అడిగి వెళ్లాలి. థైరాయిడ్ గడ్డ పెరుగుతుంటే, గట్టిగా ఉంటే, గొంతు మారితే, మెడ పక్కన బిళ్లలు తగిలితే సూది పరీక్ష ఆలస్యం చేయకూడదు. పాపిల్లరీ క్యాన్సరైనా సకాలంలో తీస్తే దాదాపు అందరూ బతుకుతారు.

పిట్యూటరీ పోయి హైడ్రోకార్టిసోన్ మీద బతికే తల్లికి ఇంటివాళ్లు చేయాల్సిన పని ఒకటి మిగిలింది. జ్వరం వస్తే ఆ రోజు మాత్రల డోసు రెండింతలు చేయాలి. వాంతులతో మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ కోసం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ మందు మీద ఉందో, ఎందుకో తెలుగులో రాసిన చీటీ ఒకటి ఆధార్ కార్డుతోపాటు ఆమె సంచిలో ఎప్పుడూ ఉండాలి. అర్ధరాత్రి అత్యవసర విభాగంలో ఉన్న కుర్ర డాక్టరు ఆ చీటీ చదివి, మిగతా ఏ పరీక్షా రాకముందే హైడ్రోకార్టిసోన్ సూది వేయగలడు.